బాలల ఇల్లు

పసిపిల్లల ఆరోగ్యమనగానే పెద్దలకు స్ఫురించేవి పాలు, పథ్యం, టీకాలు, తూకం. బిడ్డ బొద్దుగా ఉంటే ఆరోగ్యవంతుడనీ, కూర్చోబెట్టిన చోట కదలక కూర్చుంటే బుద్ధిమంతుడనీ లోకం తేల్చివేస్తుంది. ఈ రెండు తీర్పులనూ శంకించిన వైద్యురాలు మరియా మాంటిస్సోరి. దేహానికి ఆకలి ఉన్నట్లే పసిమనస్సుకూ ఆకలి ఉంటుందనీ, అది తీరే మార్గం చేతివేళ్ల గుండా సాగుతుందనీ ఆమె గ్రహించింది. ఆంధ్ర, తెలంగాణ పట్టణాలలో ఆమె పేరు పెట్టుకొన్న బడులు నేడు వీధివీధినా కనిపిస్తాయి. ఆ పేరు ఒక స్త్రీదని, ఆమె మన దక్షిణాదిలో కొన్నేళ్లు నివసించిందని తెలిసినవారు మాత్రం తక్కువ.

మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీ దేశంలోని కియరవల్లె అనే చిన్న పట్టణంలో జన్మించింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్డె ఆనాటి స్త్రీలలో అరుదైన చదువరి. కుమార్తె ఆశయాలకు ఆమెయే అండ. 1875లో ఆ కుటుంబం రోము నగరానికి చేరింది. చదువుకొన్న ఆడపిల్లకు బడిపంతులమ్మ ఉద్యోగం తప్ప వేరొక దారి లేదని భావించే కాలమది. మరియా మాత్రం పదమూడవ యేట సాంకేతిక పాఠశాలలో చేరి గణితం నేర్చింది. ఇంజనీరు కావాలన్నది తొలి కోరిక. తరువాత మనసు వైద్యవిద్యవైపు మళ్లింది. ఈ నిర్ణయం తండ్రికి రుచించలేదు. విశ్వవిద్యాలయమూ వెంటనే తలుపు తెరవలేదు. ప్రకృతిశాస్త్రాలలో పట్టం పొందిన తరువాతనే ఆమెకు వైద్యశాఖలో ప్రవేశం దొరికింది.

అక్కడ సహపాఠులందరూ పురుషులే. వారి సమక్షంలో ఒక యువతి నగ్నశవాన్ని పరీక్షించడం మర్యాద కాదని పెద్దలు భావించారు. అందుచేత అందరూ వెళ్లిపోయిన తరువాత, దీపాల వెలుగులో, శవాల నడుమ ఒంటరిగా ఆమె శరీరశాస్త్రం అభ్యసించవలసి వచ్చింది. 1896లో ఆమె వైద్యపట్టం అందుకొంది. ఇటలీలో తొలి వైద్యురాలు ఆమెయేనని చాలా పుస్తకాలు వ్రాస్తాయి గాని అది సరికాదు. అంతకుముందే కొందరు స్త్రీలు ఆ పట్టం పొందారు. మాంటిస్సోరి కీర్తికి ఆ అరువు ఆభరణం అక్కరలేదు.

పట్టం పుచ్చుకొన్న మరుసటి ఏడాది ఆమె రోము విశ్వవిద్యాలయ మానసిక వైద్యశాలలో సహాయకురాలుగా పనిచేసింది. ఆ పనిమీదనే పిచ్చాసుపత్రులకు వెళ్లేది. మందబుద్ధులని ముద్ర పడిన పసివారిని సైతం పెద్దలైన రోగులతో కలిపి అక్కడ బంధించి ఉంచేవారు. ఒకచోట, చూడడానికి గాని పట్టుకోవడానికి గాని ఒక్క వస్తువైనా లేని గదిలో పిల్లలు కనిపించారు. అన్నం తిన్న వెంటనే వారు నేలమీద పడ్డ రొట్టెముక్కలకోసం ఎగబడతారని కాపరిస్త్రీ అసహ్యించుకొంటూ చెప్పింది. ఆ పిల్లలు ఆ ముక్కలను వెంటనే తినకపోవడం, వేళ్లతో నలిపి, దొర్లించి, తడిమి చూడడం మాంటిస్సోరి కంటబడింది. కడుపు నిండిన పిల్లలు రొట్టెముక్క ఎందుకు ఏరుకొంటారు? ఆ బోసిగదిలో చేతికి దొరికే వస్తువు అదొక్కటే గనుక. కాపరికి తిండిపోతుతనంగా తోచినది వైద్యురాలికి మనస్సు పడుతున్న ఆకలిగా తోచింది.

అప్పటినుంచి ఆమె, వినికిడి కోల్పోయిన పిల్లలకూ బుద్ధిమాంద్యం గల పిల్లలకూ చదువు చెప్పిన ఇతార్, సెగ్విన్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యుల గ్రంథాలను వెదకి చదివింది. ప్రతి మాట మనస్సున ఇంకాలని వాటిని తన చేతివ్రాతతో ఇటాలియనులోకి అనువదించుకొంది. ఆ పిల్లల లోపం మందులతో మాత్రమే నయమయ్యేది కాదనీ, ప్రధానంగా అది విద్యాసమస్య అనీ 1898లో టూరిన్ నగరంలో జరిగిన విద్యావేత్తల మహాసభలో వాదించింది. 1900లో ఇటువంటి పిల్లలకు బోధించే ఉపాధ్యాయుల శిక్షణ కోసం రోములో ఒక సంస్థ వెలసింది. మాంటిస్సోరి, ఆమె సహచర వైద్యుడు జుసెప్పె మాంటెసానో దానికి సహసంచాలకులు. మాంటిస్సోరి పగలంతా పిల్లలతో గడిపి, రాత్రులు తన పరిశీలనలు వ్రాసుకొనేది. ఎందుకూ కొరగారని వదలివేయబడిన పిల్లలలో కొందరు చదవను, వ్రాయను నేర్చి, మామూలు పిల్లలతోపాటు పరీక్షకు కూర్చుని ఉత్తీర్ణులయ్యారు. చూచినవారంతా ఆశ్చర్యపోయారు. ఆమె ఆశ్చర్యం మాత్రం వేరొక దిక్కుగా ఉంది. లోపమున్న పిల్లలు ఇంత సాధిస్తే, ఏ లోపమూ లేని పిల్లలు వారికి సమానంగానే మిగిలిపోవడానికి బడులలో ఏమి జరుగుతున్నదన్నది ఆమెను వేధించిన ప్రశ్న.

ఈ విజయాల వెనుక చాలాకాలం లోకానికి తెలియని దుఃఖమొకటి ఉంది. మాంటెసానోతో ఆమె స్నేహం అనురాగంగా మారింది. 1898 మార్చి 31న వారికి ఒక కుమారుడు కలిగాడు. వివాహబంధం లేకుండా తల్లి అయిన స్త్రీకి ఆనాటి సమాజంలో ఉద్యోగమూ, గౌరవమూ నిలిచేవి కావు. మారియో అని పేరుపెట్టిన ఆ బిడ్డను పల్లెలో ఒక కుటుంబానికి పెంపకానికి ఇచ్చారు. తల్లి అప్పుడప్పుడు వెళ్లి చూచి వచ్చేది. తాను ఎవరో చెప్పుకొనేది కాదు. 1901లో మాంటెసానో మరొక స్త్రీని వివాహమాడాడు. ఆ యేడే మాంటిస్సోరి ఆ సంస్థను విడిచి, తిరిగి విద్యార్థినియై మానవశాస్త్రం, తత్త్వశాస్త్రం అభ్యసించింది. పరుల బిడ్డల పెంపకాన్ని శాస్త్రంగా రూపొందించిన వ్యక్తి సొంత బిడ్డకు జోలపాడలేకపోయింది. దీనిని ఆమె దోషంగా ఎంచేవారు ఆ కాలపు కట్టుబాట్ల కాఠిన్యాన్ని కూడ తూచి చూడవలసి ఉంటుంది.

రోము నగరంలో సాన్ లొరెంజో అనేది నిరుపేద కూలీల పేట. 1880ల నాటి నిర్మాణాల జోరులో మొదలై సగంలో ఆగిపోయిన భవనాలలో జనం కిక్కిరిసి ఉండేవారు. ఒక భవననిర్మాణ సంస్థ వాటిని బాగుచేయించి, సున్నం వేయించి కుటుంబాలకు అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు తెల్లవారగానే పనులకు పోతే, బడి ఈడు రాని పిల్లలు మెట్లమీద తిరుగుతూ కొత్త గోడలు పాడుచేసేవారు. మాటిమాటికి గోడలు బాగుచేయించే ఖర్చుకంటె, పిల్లలను ఒక గదిలో ఉంచి కాపలా పెట్టడం చవక అని యజమానులు లెక్కవేశారు. ఆ గది బాధ్యతను సంస్థ అధిపతి ఎడువార్దో తాలమో మాంటిస్సోరికి అప్పగించాడు. ప్రపంచ విద్యాచరిత్రలో ఒక ప్రధానఘట్టం ఇట్లా సున్నం ఖర్చుతో మొదలైంది! 1907 జనవరి 6న తలుపు తెరిచిన ఆ గదికి బాలల ఇల్లు అని పేరు. ఇటాలియనులో కాసా దెయి బంబీని.

తొలినాడు వచ్చినవారు సుమారు యాభైమంది. ఆరేడేళ్లు నిండనివారే. బెదరు చూపులు, పాలిపోయిన ముఖాలు, ఆగని ఏడుపు. వారిని చూచుకోవడానికి నియమించినది శిక్షణ పొందిన ఉపాధ్యాయిని కాదు, సామాన్య యువతి. అది మేలే అయిందని మాంటిస్సోరి తరువాత తలచింది. పాత బోధనాపద్ధతులు ఎరుగని ఆ అమ్మాయికి వాటిని మరచిపోవలసిన పని లేదు కదా!

వైద్యురాలు కనుక మాంటిస్సోరి మొదట పిల్లల దేహాలపై దృష్టి పెట్టింది. వారానికొకసారి తూకం, నెలకొకసారి ఎత్తు కొలిచి ప్రతి బిడ్డకూ విడిగా వివరాలు వ్రాయించేది. ఏ వయసు బిడ్డకు ఎటువంటి ఆహారం తగునో వివరంగా చెప్పింది. తల్లులు బిడ్డలను స్నానం చేయించి, శుభ్రమైన దుస్తులతో పంపాలని, వారానికొకమారైనా వచ్చి ఉపాధ్యాయినితో మాట్లాడాలని నిబంధన విధించింది. వ్యాయామం విషయంలో ఆమె సూక్ష్మదృష్టి గమనింపదగినది. పసివారి మొండెం పెద్దది, కాళ్లు పొట్టివి. పెద్దలవలె ఎక్కువసేపు నిలబడడం, నడవడం వారికి శ్రమ. తోటలో పిల్లలు కంచె తీగెలను చేతులతో పట్టుకొని, బరువంతా భుజాలపై వేసి పక్కకు జరుగుతూ ఆడుకోవడం ఆమె చూచింది. ఆ ఆటలో కాళ్లకు విశ్రాంతి, చేతులకు బలం కలుగుతున్నాయని గుర్తించి, బడిలో అటువంటి చిన్న కంచెనే వ్యాయామ సాధనంగా కట్టించింది. పిల్లలు నేలమీద పొర్లినా, మెట్లెక్కి దిగినా, మూకుడు మోసినా అది అల్లరి కాదని, ఎదిగే దేహం చేసుకొనే సాధన అని ఆమె నమ్మకం. మన్ను తిన్న కృష్ణుని ఆటపాటలను లీలగా కీర్తించిన భాగవతాన్ని తరతరాలుగా చదువుకొన్న మన పెద్దలు కూడ ఇంట్లో బాలకృష్ణుని కట్టికూర్చోబెట్టడానికే చూస్తారు.

గదిలోని సామగ్రి సైతం మారింది. ఆనాటి బడులలో బరువైన బల్లలు నేలకు బిగించి ఉండేవి. పిల్లల వెన్ను వంకర తిరగకుండా శాస్త్రజ్ఞులు ఆ బల్లలనే సవరించేవారు. వెన్నెముక వంగేటంతటి కాలం బిడ్డను ఎందుకు కూర్చోబెట్టాలన్నది మాంటిస్సోరి ప్రశ్న. పిల్లలే ఎత్తి జరుపుకోగల తేలిక బల్లలు, బుల్లి కుర్చీలు చేయించింది. ఒకనాడు సాధనాల బీరువాకు తాళం వేయడం మరచిపోయారు. పిల్లలు తమకు కావలసినవి తామే తీసుకొని పని చేసుకొంటున్నారు. ఆ తరువాత తాళం బీరువా పోయి, పసిచేతులకు అందే పొట్టి బీరువాలు వచ్చాయి.

ఆమె ఒకసారి పిల్లలకు ముక్కు చీదుకోవడం నేర్పింది. రుమాలు ఎట్లా మడవాలి, చప్పుడు కాకుండా ఎట్లా తుడుచుకోవాలి అని నెమ్మదిగా చేసి చూపింది. నవ్వుతారనుకొన్న పిల్లలు మౌనంగా చూచి, చివర చప్పట్లు చరిచారు. కారణం ఆమెకు తరువాత బోధపడింది. చీమిడిముక్కని పసివారిని అందరూ ఎగతాళి చేస్తారు. శుభ్రంగా ఉండడం ఎట్లాగో ఓపికగా నేర్పినవారు లేరు. శుచి నేర్పడమంటే గౌరవం నేర్పడమేనని ఆ కరతాళధ్వని తెలిపింది. పిల్లల మనోవైద్యాన్ని గురించి ఎన్నో గ్రంథాలు వచ్చినా, ఈ చిన్న సంఘటనకు సాటివచ్చే పాఠాలు అరుదు.

మూడేళ్ల పాప ఒకతె కొయ్యదిమ్మెలోని గుంటలలో చిన్నా పెద్దా స్తూపాలను అమర్చుతూ కూర్చుంది. తీయడం, కలపడం, మళ్లీ అమర్చడం. పక్కన పిల్లలచేత పాటలు పాడించినా, పాపను కుర్చీతో సహా ఎత్తి బల్లపై పెట్టినా ఆ ధ్యానం చెదరలేదు. నలభైసార్లకు పైగా అదే పని చేసి, ఎవరూ ఆపకుండానే ఆపి, చక్కని నిద్రనుంచి లేచినట్లు తేరుకొని చిరునవ్వుతో చుట్టూ చూచింది. అంత పనిచేసిన బిడ్డలో అలసట లేదు. తనకు తాను ఎంచుకొన్న పనిలో లీనమైన బిడ్డకు శాంతి కలుగుతుందనీ, మొండితనం, భయం, ఏడుపు వంటివి చాలవరకు పని దొరకని మనస్సు పడే బాధలేననీ మాంటిస్సోరి తన సిద్ధాంతాన్ని ఇటువంటి దృశ్యాలనుంచి నిర్మించుకొంది. కొద్ది నెలలలో ఆ పిల్లల ముఖాలకు కళ వచ్చింది. ప్రత్యేక వైద్యమేదీ చేయకుండానే వారి దేహాలు కూడ తేరుకోవడం ఆ వైద్యురాలిని ఆలోచింపజేసింది.

చదువురాని తల్లులు తమ బిడ్డలకు అక్షరాలు నేర్పమని కోరారు. ఇంత చిన్నవారికి అక్షరాలెందుకని ఆమె మొదట సంకోచించింది. చివరకు గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టలకు అంటించింది. పిల్లలు ఆ ధ్వని పలుకుతూ వేళ్లతో అక్షరం వెంబడి తడిమేవారు. మన వీధిబడులలో ఇసుకపై ఓనమాలు దిద్దించిన తీరు తెలిసినవారికి ఈ పద్ధతి పరాయిదిగా తోచదు. భేదమల్లా అక్కడ బెత్తం లేకపోవడం, దిద్దే వేళ బిడ్డ ఇష్టానికి వదలడం. శీతకాలంలో ఒక ఎండపూట డాబామీద ఒక బాలుణ్ణి సుద్దముక్కతో పొగగొట్టం బొమ్మ వేయమన్నారు. వాడు బొమ్మ వేసి, ఒక్కసారిగా తాను వ్రాయగలనని కేకపెట్టి, నేలపై చేయి అనే మాట వ్రాశాడు. తక్కినవారూ సుద్దముక్కలకై పరుగెత్తారు. మరికొన్నాళ్లకు ఆ ఇంటి గోడలూ తలుపులూ అక్షరాలతో నిండిపోయాయి. గోడలు పాడుకాకూడదని పెట్టిన బడి ఫలితం అది!

మౌనం ఆట మరొక విశేషం. మాంటిస్సోరి ఒకనాడు నాలుగు నెలల పసికందును ఎత్తుకొని వచ్చి, ఈ బిడ్డ ఎంత నిశ్చలంగా ఉన్నదో చూడమన్నది. పిల్లలంతా ఊపిరి బిగబట్టి కదలక కూర్చున్నారు. గడియారం చప్పుడు వినిపించింది. అప్పుడు పక్కగదినుంచి ఒక్కొక్కరి పేరు గుసగుసగా పిలిస్తే, వారు మునివేళ్లపై నడిచి వెళ్లారు. అటువంటి గుసగుసలు వినికిడి పరీక్షకు కూడ ఆమెకు ఉపకరించాయి. భయంతో కూడిన నిశ్శబ్దానికీ, ఇష్టంతో పాటించే నిశ్శబ్దానికీ గల తారతమ్యం ఆ ఆట చూచినవారికి స్పష్టమయ్యేది.

1909లో ఆమె తన పద్ధతిని గ్రంథంగా వ్రాసింది. 1912లో దాని ఆంగ్లానువాదం వెలువడి అమెరికాలో సంచలనం కలిగించింది. ఆ యేటి చివర తల్లి రెనిల్డె మరణించింది. తరువాత కొద్దినెలలకు, పదిహేనేళ్ల మారియో తల్లి దగ్గరకు వచ్చి చేరాడు. లోకానికి మాత్రం ఇంకా అతడు ఆమె బంధువు, లేదా పెంపుడు కుమారుడు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడలతో తరగతి ఏర్పాటు చేయగా, బయట కూర్చుని జనం వింతగా చూచారు. యుద్ధంలో పిల్లల శరీరాలకే కాదు, మనస్సులకూ గాయాలవుతాయని, వాటికి చికిత్స చేసే శ్వేతశిలువ సంస్థ కావాలని 1917లో ఆమె ప్రతిపాదించింది. ఆ కోరిక నెరవేరలేదు.

ఆమె భావాలన్నీ నిర్వివాదమైనవని చెప్పలేము. సాధనాలను నిర్ణీతరీతిలోనే వాడాలనే పట్టుదలను అమెరికా విద్యావేత్త కిల్పాట్రిక్ 1914లోనే విమర్శించాడు. పసివారికి అద్భుతకథలు తగవన్న ఆమె అభిప్రాయం, అమ్మమ్మల ఒడిలో రాకుమారుల కథలు వింటూ పెరిగిన జాతికి మింగుడుపడదు. ముస్సోలినీ ప్రభుత్వం ఇచ్చిన ఆదరణను ఆమె 1924 నుంచి కొంతకాలం స్వీకరించడం కూడ విమర్శకు గురైంది. అయితే బాలలను సైనికులుగా తీర్చాలన్న పాలకులతో ఆమెకు పొసగలేదు. 1934లో సంబంధం తెగిపోయింది. ఇటలీలోని ఆమె బడులు మూతపడ్డాయి. బార్సిలోనాలో నివసిస్తుండగా 1936లో అంతర్యుద్ధం చెలరేగింది. అక్కడినుంచి హాలండు చేరింది.

ఆమెకు భారతదేశంతో పరిచయం అంతకుముందే ఉంది. 1931లో లండనులో గాంధీజీ ఆమెను కలుసుకొన్నారు. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై, 1939 చివర అరవైతొమ్మిదేళ్ల వయస్సులో ఆమె మారియోతో కలిసి మద్రాసు వచ్చింది. అప్పటికి కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలకు కూడ మద్రాసే రాజధాని. అడయారులో తాటాకు పందిళ్ల కింద సుమారు మూడువందలమంది శిక్షణ పొందారు. ఆమె ఇటాలియనులో ప్రసంగిస్తే మారియో ఇంగ్లీషులో చెప్పేవాడు. కొద్దినెలల కోసం వచ్చినవారు యుద్ధకారణంగా ఏళ్లతరబడి నిలిచిపోయారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగగానే శత్రుదేశీయుడని మారియోను నిర్బంధశిబిరానికి పంపారు. ఆమెను అడయారు ఆవరణ దాటవద్దని ఆజ్ఞాపించారు. ఆగస్టు 31న, ఆమె డెబ్బైయవ జన్మదినాన, వైస్రాయి పంపిన తంతి వచ్చింది. ఆమెకు కానుకగా ఆమె కుమారుణ్ణి విడుదల చేస్తున్నామని దాని సారాంశం. నలభైరెండేళ్లు దాచిన బంధాన్ని ఒక పరాయి ప్రభుత్వం కాగితంపై కుమారుడన్న పేరుతోనే పేర్కొంది.

కొడైకెనాల్ కొండలలో ఉన్నకాలంలో ఆమె దృష్టి మూడేళ్లలోపు పసికందులవైపు మళ్లింది. ఇక్కడి తల్లులు బిడ్డను చంకనెత్తుకొని సంతకూ, పొలానికీ వెళ్లడం, ఆ బిడ్డ అన్నీ చూస్తూ, మాటలు వింటూ పెరగడం ఆమెను ఆకర్షించింది. బిడ్డను తొట్టిలో ఒంటరిగా ఉంచే పాశ్చాత్యుల అలవాటుకంటె ఇది మేలని ఆమె ఎంచింది. పసిమనస్సు పరిసరాలను నీటిని పీల్చే దూదివలె గ్రహిస్తుందన్న ఆమె సిద్ధాంతం ఈ నేలమీదనే పరిణతి పొందింది. అహమ్మదాబాదు ప్రసంగాల ఆధారంగా రూపొందిన ఆ గ్రంథం 1949లో మద్రాసులో అచ్చయింది.

1946లో ఐరోపాకు మరలి, మరుసటి ఏడు తిరిగి మన దేశానికి వచ్చి, 1949 వరకు ఆమె శిక్షణ కొనసాగించింది. ఆ సంవత్సరం మొదలు వరుసగా మూడేళ్లు నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు ప్రతిపాదించారు, బహుమతి రాలేదు. 1952 మే 6న హాలండు సముద్రతీరంలోని నూర్ద్‌వైక్ గ్రామంలో ఎనభైయొకటవ యేట ఆమె మరణించింది. ఆమె సమాధి అక్కడే ఉంది. తన సర్వస్వాన్నీ మారియోకు అప్పగిస్తూ వ్రాసిన వీలునామాలో ఆమె అతణ్ణి నా కుమారుడు అని పేర్కొన్నది. అతడు 1982లో తాను కన్నుమూసేవరకు తల్లి స్థాపించిన అంతర్జాతీయ సంఘాన్ని నడిపాడు.